మూడోసారి వెళ్ళి చూడగా

మంగళవారం పొద్దున ఇళ్ళ పథకం ఆఫీసు గోడ మీద తిరస్కరించిన దరఖాస్తుల జాబితా అతికించారు. జిగురు ఆరకముందే వరండా నిండిపోయింది. పేరున్నవాళ్ళు తిట్టారు. పేరు లేనివాళ్ళు నమ్మకం చాలక మళ్ళీ మొదట్నుంచి వెతుక్కున్నారు. పన్నెండయ్యేసరికి తిట్టే ఓపిక కూడా అయిపోయి ఎవరి పనికి వాళ్ళు పోయారు. పేదవాడి కోపం పెదవికి చేటని ఊరికే అన్నారా!

లోపల మూడో బల్ల దగ్గర ఫీల్డు మేడం ఆ గోలేదీ తనకి పట్టనట్టు ఫైళ్ళకి దారాలు కట్టుకుంటోంది. ఫీల్డు మేడం అంటే అదేదో పెద్ద ఉద్యోగమనుకునేరు. మునిసిపాలిటీ కట్టిన ఫ్లాటు కావాలని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళ గుమ్మానికి వెళ్ళి, వాళ్ళు నిజంగా అక్కడే ఉంటున్నారా, ఎంతమంది, ఎన్ని గదులు, గోడలు నిలిచే రకమా కూలే రకమా అని చూసి రాయడం. చెప్పులరిగే పని. అదీ కాంట్రాక్టు. ఏడాదికోసారి పెద్దసారు సంతకం పెడితేనే మరో ఏడాది. ఆ సంతకం పడాల్సింది ఈ నెలాఖరుకే.

"మేడం, మా తలుపుకి తాళం వేసుందని రాశారట."

తలెత్తి చూస్తే బకెట్టక్క. ఆఫీసు ఊడ్చి తుడిచే మనిషి. మనిషికంటే ముందు బకెట్టు చప్పుడు వస్తుందని ఆరేళ్ళ కిందట ఎవరో సరదాకి పెట్టిన పేరు, అలాగే ఉండిపోయింది. ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు కూడా ఒకటి ఉంటుందని ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు ఆవిడ చేతిలో నాలుగు మడతలు పెట్టిన రసీదుంది, దాని మీద నంబరుంది. కాలేజీకి పోతూ పోతూ కూతురు ఆగి జాబితా చదివి చెప్పిందట.

"నువ్వూ దరఖాస్తు పెట్టావా అక్కా? ఒక్క మాటైనా చెప్పలేదేం?" అంది ఫీల్డు మేడం.

లైనులో నిలబడి పెట్టాను కదా, వేరే చెప్పాలని తెలీదు అంది బకెట్టక్క.

ఫైలు దొరికింది. మూడు రాకలూ ఫీల్డు మేడం దస్తూరీలోనే ఉన్నాయి. 'వెళ్ళి చూడగా తలుపు తాళం వేసి ఉన్నది.' 'రెండోసారి వెళ్ళి చూడగా తలుపు తాళం వేసి ఉన్నది.' 'మూడోసారి వెళ్ళి చూడగా తలుపు తాళం వేసి ఉన్నది. దరఖాస్తుదారు అక్కడ నివాసం లేనట్టు భావించడమైనది.' కింద సంతకం. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చదువుతుంటే ఆమె నోట్లో పచ్చి వెలక్కాయ పడినట్టయింది.

ఎందుకంటే మొదటి రెండు రాకలూ నిజం, మూడోది నిజం కాదు. ఆఫీసులో దాన్ని కుర్చీ రాక అంటారు. రెండుసార్లు తాళం కనిపించిన ఇంటికి మూడోసారి ఎవరూ వెళ్ళరు. కుర్చీలో కూర్చునే రాసేస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ ఉన్న ముగ్గురు ఫీల్డువాళ్ళూ అలాగే చేస్తారు. రోజుకి ఇరవై ఇళ్ళు చూడమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు. ఎవరి అబద్ధానికి వాళ్ళ దగ్గర ఒక న్యాయం ఉంటుంది మరి.

"ఎన్ని గంటలకొచ్చారు మేడం?"

"పదకొండు, పదకొండున్నర."

"పదకొండుకి నేనిక్కడే కదా," అంది బకెట్టక్క. నిష్ఠూరంగా కాదు, టైమెంతయిందంటే చెప్పినట్టు. "తొమ్మిది నుంచి రెండుదాకా ఇదే కదా నా పని."

ఇళ్ళిచ్చే ఆఫీసుని తుడవడానికి వచ్చినందుకు ఆవిడకి ఇల్లు పోయిందన్నమాట. ఇంతకంటే విడ్డూరం ఎక్కడైనా ఉంటుందా!

ఏయే రోజులో చదవమని అడిగింది బకెట్టక్క. ఫీల్డు మేడం గొంతు సవరించుకుని మూడు తేదీలూ చదివింది. మూడోది పంతొమ్మిదో తారీకు, గురువారం. బకెట్టక్క వేళ్ళ కణుపుల మీద వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ఒక కణుపు దగ్గర ఆగింది. "వాన పడిన గురువారం," అంది నెమ్మదిగా. ఫీల్డు మేడం ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. శుక్రవారం సాయంత్రం ఐదు దాకా అభ్యంతరం చెప్పుకోవచ్చట కదా అని అడిగి, బకెట్టు అందుకుని వెళ్ళిపోయింది.

హమ్మయ్య, ఆవిడకేమీ తట్టలేదు అనుకుంది ఫీల్డు మేడం. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం పదకొండింటికి, పంతొమ్మిదో తారీకున వెళ్ళానని రాసిన ఇంటికి ఆమె నిజంగా వెళ్ళింది. ఇరుకు సందు, మూడంతస్తుల పాత మేడ. మొదటి అంతస్తు బాల్కనీ జారిపోకుండా కింద నాలుగు సరుగుడు కర్రలు పోటు పెట్టారు. మెట్ల గోడకి నిలువునా పగులు. దాని పక్కన ఎవరో పెన్సిలుతో గీతలు గీసి తేదీలు వేసుకుంటూ వచ్చారు. పిల్లల ఎత్తు కొలిచినట్టు పగులు ఎదగడం కొలుస్తున్నారు. పోయిన వారం గీతకీ ఈ వారం గీతకీ మధ్య వేలు దూరింది. మొదటి రెండుసార్లూ ఆ గీతలు ఆమె కంట పడలేదు. తాళం చూసింది, రాసుకుంది, దిగిపోయింది.

ఇవాళా తాళం ఉంది. ఆమె కాసేపు నిలబడి, ఏమనిపించిందో ఏమో, తాళం వేసిన తలుపునే తట్టింది.

"ఎవరూ?" అంది లోపలి నుంచి ముసలి గొంతు.

ఆమె గుండె గుభేలుమంది. ఇళ్ళ ఆఫీసు నుంచి అని చెప్పింది.

"కోడలు పనిలోకి పోయిందమ్మా. నేను దాని మామగార్ని. తాళం బయట ఉంది, నేను లోపల ఉన్నా. ఇద్దరం కాపలాయే." నవ్వాడు. దగ్గొచ్చింది.

తలుపుకీ గడపకీ మధ్య సందులోంచి మాట్లాడుకున్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాడట. నడుం దగ్గర దెబ్బ తగిలి రెండు కాళ్ళూ పడిపోయాయి. తలుపు తీసి ఉంచితే కుక్కలొస్తాయి, తాగినవాళ్ళొస్తారు, లేచి గడియ పెట్టుకోలేడు. అందుకని కోడలు తాళం వేసుకుని పోతుంది. వెళ్ళేముందు నీళ్ళు, మందులు, రేడియో చేతికందేలా పెట్టి, రెండున్నరకి పరుగు పరుగున వస్తుంది. కొడుకు పోయి ఏడేళ్ళయినా కోడలు తనని వదల్లేదని చెప్పాడు. ఆ మాట గర్వంగానే చెప్పాడు.

"ఇంతకుముందు రెండుసార్లు వచ్చింది నువ్వేనా తల్లీ? చెప్పుల చప్పుడు విన్నాను. పిలుద్దామని గొంతు సవరించుకునేలోపే దిగిపోయావు."

ఇంట్లో పెద్దమనిషి ఒకరు పలికినా చాలు, పరిశీలన పూర్తయినట్టే. అది రూల్సులోనే ఉంది. తాళం చూశాక తలుపు తట్టాలని మాత్రం ఏ రూల్సులోనూ లేదు.

నెలాఖరుకి మేడ కూలగొడతారు, ఖాళీ చెయ్యమని కాగితం ఇచ్చారు అన్నాడు ముసలాయన. "నన్ను మోసుకుని ఎన్ని మెట్లెక్కుతుంది చెప్పు? గది చూడ్డానికి పోతే, మంచంలో మనిషున్నాడనగానే తలుపేసేస్తున్నారట. మీ ఫ్లాట్లలో కాళ్ళు లేనివాళ్ళకి కింద వాటా ఇస్తారట కదా? నిజమేనా?"

"నిజమే తాతగారూ."

"రెండేళ్ళయింది నేను వీధి చూసి," అన్నాడాయన.

ఆఫీసుకి వచ్చీ రాగానే ఆమె సూపరింటెండెంటు బల్ల ముందు నిలబడింది. మొత్తం చెప్పలేదు. ఒక ఫైల్లో పొరపాటు దొర్లింది, దిద్దాలంటే ఎలా అని అడిగింది. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాతికేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్న మనిషి, సగం మాట వింటే మిగతా సగం ఆయనే పూరించుకుంటాడు.

జాబితా పడ్డాక దిద్దాలంటే రాసినవాళ్ళే నేను తప్పు రాశానని కాగితం మీద పెట్టాలి అన్నాడు. అప్పుడు పెద్దసారు ఇదొక్కటేనా ఇంకా ఉన్నాయా అంటాడు. ముగ్గురివీ కలిపి మూడో రాక మీద పోయిన ఫైళ్ళు నలభై ఒకటి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

"చూడమ్మా, నీ కాంట్రాక్టు కాగితం, మిగతా ఇద్దరివీ పెద్దసారు బల్ల మీదే ఉన్నాయి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఆ బకెట్టక్క సంగతి నాకొదిలెయ్."

పక్క బల్ల దగ్గరి ఫీల్డు మనిషి, మీసాలాయన, అంతా వింటూనే ఉన్నాడు. టీ తాగడానికని బయటికి పిలిచి ఆమెని పట్టుకున్నాడు. తనకి ఇద్దరాడపిల్లలున్నారని, అమ్మకి వారానికి రెండుసార్లు ఆస్పత్రి అని, ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారని మెల్లగా చెప్పాడు. బెదిరించి ఉంటే ఆమె ఎదురు తిరిగేదేమో. ఆయన బతిమాలాడు.

గురువారం సూపరింటెండెంటు కాగితం తయారు చేయించాడు. 'నేను గత నెలంతా సొంత పని మీద ఊళ్ళో లేనందున పరిశీలనకు అందుబాటులో లేను. ఇది నా పొరపాటే. వచ్చే ఏడాది జాబితాలో నా దరఖాస్తును పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.' బకెట్టక్కని పిలిచి, ఇక్కడ సంతకం పెట్టమ్మా, వచ్చే ఏడు మొదటి పేరు నీదే, నేను చూసుకుంటాను అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. శుభ్రత పని కూడా కాంట్రాక్టేననీ, అదీ తన చేతి మీదుగానే నడుస్తుందనీ నవ్వుతూ గుర్తుచేశాడు.

మూడో బల్ల దగ్గర ఫీల్డు మేడం తల వంచుకుని కూర్చుంది. ఇప్పుడు లేచి చెప్పాలి అనుకుంది. లేవలేదు. బకెట్టక్క చేతులు పైటకి తుడుచుకుని, కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి నడుం దగ్గర దోపుకుంది.

"మా అమ్మాయి చదివాక పెడతాను సార్," అంది.

చదవడానికేముంది, నామీద నమ్మకం లేదా అన్నాడాయన. నమ్మకం లేక కాదు సార్ అని, తడిబట్ట పిండుకుని ఒక్కో బల్ల కిందా తుడుచుకుంటూ వచ్చింది. ఫీల్డు మేడం దగ్గరికి వచ్చేసరికి ఒక్క నిమిషం ఆగింది. ఫీల్డు మేడం ఫైల్లోంచి తల ఎత్తలేదు. ఆవిడ తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఫీల్డు మేడం ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన బోర్డులు రాసే పెయింటరు. రంగు డబ్బాల మూతలు బిగిస్తూ విన్నాడు. చేతిరాత బోర్డులు రాయించుకునేవాళ్ళు తగ్గి, ఇంటికి నిలకడైన ఆధారం ఆమె జీతమే అయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనుకోరు.

"వచ్చే ఏడాది ఇస్తామంటున్నారు కదా. ఒక్క ఏడాదే కదా?" అన్నాడు.

"నెలాఖరుకి మేడ కూలగొడతారు."

"నీది పోతే మనకి నెలాఖరు దాకా కూడా లేదు."

ఆమె కోపంగా ఏదో అనబోయి ఊరుకుంది. ఆయన అన్నదాంట్లో అబద్ధమేముంది? ఆయనే మళ్ళీ, "అయినా చెయ్యని పని చేశానని సంతకం పెట్టావు చూడు, నాకది నచ్చలేదే," అన్నాడు, బ్రష్షు కిరసనాయిలులో ముంచుతూ. ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని, మూడోసారి వెళ్ళలేదని నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టకుండా సంచిలో పెట్టుకుంది.

శుక్రవారం మూడింటికి పెద్దసారు గదిలో అభ్యంతరాలు వినడం మొదలైంది. ఒక్కొక్కళ్ళూ లోపలికి పోయి వాడిపోయిన మొహాలతో వస్తున్నారు. ఫీల్డు మేడం మాటిమాటికీ గడియారం చూస్తోంది. నాలుగూ పదికి బకెట్టక్క నంబరు పిలిచారు. పరిశీలన చేసిన ఉద్యోగిగా ఆమెనీ రమ్మన్నారు. సూపరింటెండెంటు ఫైలు పట్టుకుని ముందు నడిచాడు.

బకెట్టక్క మొదటిసారి ఆ గదిలోకి బకెట్టు లేకుండా వచ్చింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది.

"అంతా సర్దుకుంది సార్," అన్నాడు సూపరింటెండెంటు. "ఆవిడ ఊళ్ళో లేదు. తనే రాసిచ్చింది. ఏదమ్మా కాగితం?"

బకెట్టక్క నడుం దగ్గర్నుంచి కాగితం తీసి, మడతలు విప్పి బల్ల మీద పెట్టింది. సంతకం లేదు.

"మా అమ్మాయి చదివి చెప్పింది సార్. పోయిన నెలంతా నేను ఊళ్ళో లేనని ఉందట. నేను లేకపోతే ఈ ఆఫీసు ఎవరు తుడిచారు సార్?"

పెద్దసారు పెన్ను కింద పెట్టాడు. మరి మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ తాళమే ఎందుకుందని అడిగాడు. రెండుసార్ల సంగతి చెప్పింది బకెట్టక్క. తను పనిలో ఉండటం, మామగారు లేవలేకపోవడం, తాళం.

"మూడోసారి?"

"నాకు తెలీదు సార్. రాసినవాళ్ళని అడగండి."

ఆ మాట అంటూ ఆవిడ ఫీల్డు మేడం వైపు చూడలేదు. ఎదురుగోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది. ఫీల్డు మేడం రాత్రి రాసుకున్న కాగితం కోసం సంచిలో చెయ్యి పెట్టింది, దొరకలేదు. రాతలు నమ్ముకుని ఇక్కడిదాకా వచ్చాను, ఇక నోటితోనే చెప్పాలి అనుకుంది.

"మూడోసారి నేను వెళ్ళలేదు సార్."

సూపరింటెండెంటు దగ్గాడు. "పాపం కంగారు పడుతోంది సార్. రోజుకి ఇరవై ఇళ్ళు, ఏది వెళ్ళిందో ఏది వెళ్ళలేదో గుర్తుండదు కదా. వెళ్ళే ఉంటుంది."

పెద్దసారు ఆమె వైపు తిరిగాడు. గుర్తులేక అంటున్నావా, వెళ్ళక అంటున్నావా అన్నాడు.

గుర్తులేదు. ఒక్క మాట చాలు. నోటి దాకా వచ్చింది కూడా. తెరిచిన తలుపులోంచి మీసాలాయన మొహం కనిపిస్తోంది. తప్పుకునే దారి ఇంత దగ్గరగా, ఇంత సులువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

"గుర్తుంది సార్. వెళ్ళలేదు. ఇక్కడే కూర్చుని రాశాను."

"నీకు నువ్వు చెప్పుకుంటే సరిపోదమ్మా. పైవాళ్ళకి నేను జవాబు చెప్పాలి. ఆ రోజు నువ్వు ఆఫీసులోనే ఉన్నావనడానికి చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నేను చూశాను సార్," అంది బకెట్టక్క.

అందరూ అటు తిరిగారు.

"ఆ రోజు పెద్ద వాన. గుమ్మంలోంచి నీళ్ళు లోపలికొస్తుంటే పదకొండింటికి రెండోసారి తుడుస్తున్నాను. మేడం బల్ల దగ్గరికొచ్చి కాళ్ళు మేడం అన్నాను. ఆవిడ కాళ్ళు రెండూ పైకెత్తి పట్టుకున్నారు. నేను కింద తుడిచాను. ఆవిడ రాస్తూనే ఉన్నారు. అది నా ఇంటి సంగతేనని నాకేం తెలుసు సార్?"

ఫీల్డు మేడానికి ఆ క్షణం కళ్ళకు కట్టింది. పాదాలకి చల్లగా తగిలిన గాలి, కింద వంగిన నెత్తి, జాగ్రత్త అక్కా, ఫైలు మీద నీళ్ళు పడతాయి అని తను అన్న మాట. 'నివాసం లేనట్టు' అని రాస్తున్నప్పుడు ఆ మనిషి తన కాళ్ళ కింద ఉంది. నాలుగు రోజులుగా ఇది తనొక్కదానికే తెలిసిన రహస్యమనుకుని, చెప్పాలా వద్దా అని తను నిద్ర కాచింది. మంగళవారం వేలి కణుపు మీద ఆగిన క్షణాన్నే ఆవిడకి తెలిసిపోయింది.

"మరి ఈ నాలుగు రోజులూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు పెద్దసారు.

"నన్నెవరూ అడగలేదు సార్." కాసేపాగి, "రోజూ ఆవిడ బల్ల కింద తుడుస్తూనే ఉన్నాను. ఆవిడే చెప్తుందేమోనని చూశాను," అంది. "నేను చెప్తే నిన్నటిదాకా మీరు నమ్మేవాళ్ళా?"

పెద్దసారు ఫైలు మీద తిరస్కరణ కొట్టేసి పక్కన చిన్న సంతకం పెట్టాడు. ఐదులోగా ఇల్లు చూసి రాసుకు రావాలి, సూపరింటెండెంటు కూడా వెళ్ళాలి అన్నాడు. మూడో రాక మీద పోయిన ఫైళ్ళన్నీ సోమవారానికి తన బల్ల మీద ఉండాలన్నాడు. ఇకమీదట పరిశీలన జనం ఇంట్లో ఉండే వేళకే అన్నాడు. చివరికి ఎడమవైపున్న కాంట్రాక్టు కాగితాల్లోంచి ఒకటి పైకి లాగి, సంతకం పెట్టకుండానే సొరుగులో పడేశాడు. అది ఎవరిదో చెప్పనక్కర్లేకపోయింది.

వరండాలో మీసాలాయన ఆమెని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. సూపరింటెండెంటు చెప్పులు వేసుకోవడానికి కావాల్సినదానికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు. నాలుగూ ఇరవై ఐదయింది. బకెట్టక్క అప్పటికే మెట్ల దగ్గరుంది. ఫీల్డు మేడం గబగబా వెళ్ళి కలుసుకుంది.

"అక్కా, నేను..."

"నాకు కోపం లేదనుకోకండి మేడం," అంది బకెట్టక్క. గొంతు పెంచలేదు. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. "చాలా ఉంది. మీరు నిజం చెప్పారు, అది మర్చిపోను. ఇంతకాలం చెప్పలేదు, అదీ మర్చిపోను. ముందొచ్చి ఇల్లు చూడండి. ఉన్నదున్నట్టు రాయండి. ఆ తర్వాత తీరిగ్గా తిడతాను."

"సరే అక్కా," అంది ఫీల్డు మేడం, ఫైలు గుండెలకి హత్తుకుని ఆవిడ వెనకే మెట్లు దిగుతూ.